ముందు ప్లాటు, ఆ తర్వాతే మురుగు కాల్వ

2016 అక్టోబరు 11, దసరా నాడు పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ కొత్త కలెక్టరేటును 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌ది 2023 జనవరిలో ప్రారంభించారు. 2022 నవంబరులో మహబూబాబాద్‌కు, 2023 సెప్టెంబరులో మిగతా రెండింటికీ వైద్య కళాశాలలు వచ్చాయి. రియల్ ఎస్టేటు మాత్రం ఇవేవీ కట్టేదాకా ఆగలేదు. ఫలానా చోట కలెక్టరేటు అన్న మాట పుట్టగానే పత్తి చేలల్లో కడీలు లేచాయి.

వెంచరు లెక్క సులువైనది. ఎకరానికి 4,840 గజాలు. నిబంధన ప్రకారం రోడ్లకూ, పది శాతం ఖాళీ స్థలానికీ వదిలితే అమ్ముకోవడానికి మిగిలేది దాదాపు మూడు వేల గజాలు. అనుమతి జోలికి పోకుండా, ఇరుకు మట్టిరోడ్డు గీసి, పార్కును కాగితం మీద ఉంచితే మరో వెయ్యి గజాలు చేతికొస్తాయి. ఆ వెయ్యి గజాలే రేపటి మురుగు కాల్వ, బడి స్థలం, నీళ్ల ట్యాంకు. వాటినీ అమ్మేసుకున్నాక కాలనీకి ఉమ్మడిదంటూ ఏమీ మిగలదు.

ఉమ్మడి స్థలం ఉన్న కాలనీకీ లేనిదానికీ తేడా చూడాలంటే భూపాలపల్లి వెళ్లాలి. సింగరేణి ఇక్కడ కాకతీయ గనులు తెరిచే నాటికి ఇది పరకాల వైపు ఒక పల్లె. బొగ్గు కోసం కంపెనీ వచ్చింది, కార్మికుల కోసం క్వార్టర్లు కట్టింది. పక్కనే చెల్పూరులో 2010లో 500 మెగావాట్ల, 2016లో మరో 600 మెగావాట్ల థర్మల్ యూనిట్లు వచ్చాయి. క్వార్టర్ల వరుసల్లో రోడ్డు ముందు, ఇల్లు తర్వాత. అందులో కంపెనీ ఔదార్యమేమీ లేదు. నేలంతా ఒకరి చేతిలో ఉంది కాబట్టి కాల్వ ఎటు పోవాలో ముందే గీయగలిగారు. దాని పక్కన పెరిగిన ప్రైవేటు కాలనీల్లో ఒక్కో రైతు తన చెలక వరకే గీశాడు. అతని రోడ్డు పక్కవాడి గట్టు దగ్గర ఆగిపోయింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాల్సిందే. ముప్పై ఏళ్లు నల్లా, కరెంటు వెతుక్కునే పని లేకుండా బతికిన కార్మికుడు తన గ్రాట్యుటీతో కొనుక్కునేది మాత్రం కాల్వ లేని గల్లీలో ప్లాటు.

జనగామ కథ హైవేది. హైదరాబాద్–వరంగల్ దారి నాలుగు వరుసలై ఊరి బయటి నుంచి బైపాస్ పడ్డాక, సూర్యాపేట–సిద్దిపేట రోడ్డు కూడా ఇక్కడే కలవడంతో, ఇక్కడ ఉండే ఉద్దేశం లేనివాళ్లూ కొన్నారు. సగం ప్లాట్లలో సర్కారు తుమ్మలు పెరిగే కాలనీకి పైపులైను వేయమని ఏ వార్డు సభ్యుడు గట్టిగా అడుగుతాడు?

రైల్వే స్టేషను చుట్టూ పెరిగిన మహబూబాబాద్‌లో కొనేవాళ్లు ఎక్కువగా ఉండటానికే కొంటారు. పిల్లల చదువుకని తండాల నుంచి వచ్చినవాళ్లు వీరిలో ఉన్నారు. కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీ కానివ్వదు. అది ఉండాల్సిన చట్టమే. అయితే కొనుగోళ్ల ఒత్తిడంతా పట్టణం చుట్టూ ఉన్న కాస్త నేల మీద పడటానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

నీళ్లకు లేఅవుట్లతో పని లేదు. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగితే జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లను పిలిపించాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టే కొట్టుకుపోయింది. ఈ రెండూ వెంచర్ల పాపం కాదు. అయితే అలాంటి వానే ఒర్రె పూడ్చి పరిచిన ప్లాట్ల మీద కురిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ప్రభుత్వం దగ్గరున్న మందు ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. 2020 ఆగస్టు 31 నాటి 131వ జీవోకు రాష్ట్రమంతటా పాతిక లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. వెయ్యి రూపాయల దరఖాస్తు రుసుము కట్టిన చాలామంది ఏళ్ల తరబడి ఎదురు చూశారు. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక గానీ పెద్దగా కదలిక రాలేదు. క్రమబద్ధీకరణ చార్జీలకు తోడు, వదలని ఖాళీ స్థలానికి పరిహారంగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. పార్కు మింగింది అమ్మినవాడు, జరిమానా కొన్నవాడికి. పోనీ, డబ్బు కట్టినంత మాత్రాన పార్కు పుట్టుకొస్తుందా? పట్టా శుభ్రమవుతుంది, వీధి అలాగే ఉంటుంది.

ఈ సొమ్మును వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాంత సౌకర్యాలకే ఖర్చు చేయాలన్నది ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఈ మూడు మున్సిపాలిటీలూ చేయదగ్గ పని ఒకటుంది: ఏ కాలనీ నుంచి ఎంత వసూలైందో, అందులో ఎంత ఆ కాలనీ కాల్వకు తిరిగి వెళ్లిందో వార్డులవారీగా గోడ మీద రాయించడం.