కళాశాలా భవనములు - విద్యుద్వ్యయము

ఇటీవల మన పట్టణముల పొలిమేరలయందు వెలయుచున్న కళాశాలలను జూచువారికి, అవి యెండ యెఱుగని శీతలదేశములకై యుద్దేశింపబడినవేమో యను సందేహము కలుగకమానదు. పడమటి ముఖమున నిలువెత్తు అద్దపుగోడ, దానివెనుక తరగతి గదులు, ఆ గదులను జల్లబఱచుటకు యంత్రములు - పెక్కుచోట్ల నిదియే నాగరికత యైనది. అద్దము సూర్యరశ్మిని లోనికి రానిచ్చును. లోన వేడెక్కిన వస్తువుల యుష్ణమును మాత్ర మంత సులభముగా బోనీయదు. సొమ్ము పెట్టి వేడిమిని గొనితెచ్చుకొని, మరల సొమ్ము పెట్టి దానిని వెలుపలికి ద్రోయించుచున్నా మన్నమాట. ఈ వ్యయము తుదకు విద్యార్థుల జీతములలో జేరక తప్పదు.

1939వ సంవత్సరమున ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలను మనవా రెఱుగుదురు. దాని దళసరి రాతిగోడలు పగటియెండను దమలో నిముడ్చుకొని, ఆ వేడిమి లోనికి జేరుటకు బెక్కుగంటలు పట్టునట్లు చేయును. నేడు ప్రతి కళాశాలయు నట్టి రాతిమేడ కట్టుకొనవలెనని మేము చెప్పబోము. కాని దిక్కు నెఱిగి కట్టుటకు ధనముతో బనిలేదు. మన ప్రాంతమున వేసవి మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తికి వచ్చును గావున, ఉత్తర దక్షిణపు కిటికీలకు తగుమాత్రపు చూరున్న జాలును. తూర్పు పడమరల యెండ యేటవాలుగా జొచ్చివచ్చును. దానిని చూరు ఆపజాలదు. కాబట్టి భవనము తూర్పుపడమరలుగా నిడుపై, కిటికీలు ఉత్తర దక్షిణములకు దెఱచుకొని యుండవలెను. ప్లాను గీయునాడు ఈ మార్పునకు కాసైన ఖర్చు లేదు. గోడలు లేచిన పిమ్మట లక్షలు గ్రుమ్మరించినను సాధ్యముగాదు. సింహద్వారమునకై వాస్తుపండితుని ముమ్మాఱు రప్పించు యాజమాన్యములు, తరగతి కిటికీ యేదిక్కున నుండునో యొక్కమాఱైన విచారింపకుండుట వింతగానే యున్నది.

మేడకప్పు సంగతియు నట్టిదే. వేసవిలో దానికి దగులునంత యెండ మఱియే గోడకును దగులదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు గారణ మిదియే. తెల్లని పూతగాని, తెల్లని పెంకుగాని చాలవఱకు పని నెఱవేర్చును.

గణకయంత్రశాలలకును, వందలమంది కూర్చుండు సభామందిరములకును యంత్రశీతలము కావలసినదే గదా యందురు. నిజమే. హైదరాబాదు చెంతనున్న పోచారమున ఇన్ఫోసిస్ సంస్థవారు ఒకే భవనమును రెండు సమభాగములుగా గట్టిరి. ఒక భాగమునకు మామూలు పద్ధతిని చల్లగాలిని బంపిరి. రెండవ భాగమున కప్పుపలకలోనే గొట్టములు పొదిగి చల్లనినీటిని బాఱించిరి. ఈ రెండవభాగమున విద్యుత్తు సుమారు మూడవవంతు తక్కువ పట్టినది. కట్టుబడి వ్యయమును హెచ్చలేదు. అయితే కప్పులోని చల్లనినీరు తీయగల వేడిమికి మితము గలదు. గోడలును కిటికీలును ముందే యెండను నివారించినచోటనే యీ పద్ధతి ఫలించును. విశాఖ, కాకినాడలవంటి తీరపట్టణములందు కప్పునకు చెమ్మపట్టకుండ గాలిలోని తేమను గూడ దీయవలసియుండును. యంత్ర మెంత మంచిదైనను గోడకు బదులు గాజాలదు.

శాసనములకు గొదవలేదు. 2001లో ఇంధన పరిరక్షణ చట్టమును, 2007లో భవన నిబంధనావళియు వచ్చినవి; దానిని 2017లో సవరించిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2014లోనే దీని నంగీకరించినది. కాని ప్లానులు సరిచూచుటతో పని ముగియరాదు. ఆవరణమంతటికి నొకే మీటరున్న యెడల ఏ భవన మెంత మ్రింగుచున్నదో యెవరికి దెలియును? ప్రతి భవనమునకు వేఱు మీటరు పెట్టి, చదరపు మీటరునకు సాలుకు నెన్ని యూనిట్లు ఖర్చగుచున్నవో ప్రతి కళాశాలయు బ్రకటింపవలెను. ప్రజాధనముతో నడచు విశ్వవిద్యాలయములు దీనికి మొదట బూనుకొనుట న్యాయము. కొత్త భవనములకు బునాదులు ద్రవ్వదలచిన యాజమాన్యములును శిల్పినుండి ఈ లెక్కను ముందే కోరి పుచ్చుకొనవలెను. అది లేని ప్లానుపై కార్యదర్శులు చేవ్రాలు చేయకుందురు గాక.