వగరుకి ఇంగ్లీషు పేరు పెడితేనే వైనా?

మొన్న బెంగళూరులో మా టీం డిన్నర్. మా సీనియర్ ఒకాయన గ్లాసుని గిరగిరా తిప్పి, అందులో ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుని "బ్లాక్‌బెర్రీ... సెడార్..." అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండొచ్చుగా? "నేరేడు పండులా వగరుగా ఉందండీ" అన్నాను. టేబులంతా ఒకటే నవ్వు. ఆయన నా భుజం తట్టి, "రెండు వేల లోపు సీసాలు తాగి నాలుక పాడు చేసుకోకయ్యా. అవి వైన్లు కావు, వెనిగర్" అని తీర్పు ఇచ్చేశాడు.

అక్కడ నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మండింది. ఆయన బ్లాక్‌బెర్రీ ఎప్పుడైనా తిన్నాడో లేదో గానీ, నేను మాత్రం నేరేడు పండ్లు తిని నాలుక ఊదా రంగు చేసుకుని చంద్రగిరి కోట చుట్టూ తిరిగినవాణ్ణి. నాకు తెలిసిన పండు పేరు నేను చెబితే అది మొరటుతనం, చూడని పండు పేరు ఆయన చెబితే అది టేస్టు!

ముందే ఒప్పుకుంటున్నా, వైన్ విషయంలో నేను ఒకటో తరగతి. మా ఊళ్ళో "వైన్స్" అంటే ఏంటో మీకు తెలుసు. పోయిన పండక్కి వెళ్ళినప్పుడు అలాంటి బోర్డున్న షాపులో అడిగాను.

"వైన్ ఉందా అన్నా?"

"వైన్సే గదన్నా ఇది! క్వార్టరా, హాఫా?"

తప్పు ఆయనది కాదు. మా దగ్గర మందుని కొలిచేది కిక్కుతోనే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిందీ, 1995లో మద్యనిషేధం వచ్చిందీ, 1997లో అది పోయిందీ అందరం చూశాం. తాగుడు ఇంటిని ఏం చేస్తుందో మా అమ్మకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అందుకే మనలో చాలామంది మొదటిసారి వైన్ గ్లాసు పట్టుకునేది ఆఫీసు డిన్నర్లోనే. భయం భయంగా, పక్కవాడు ఏమంటాడో చూసి, అదే అంటాం. ఊళ్ళో కిక్కు లెక్క, ఆఫీసులో రేటు లెక్క. రెండు చోట్లా నాలుకకి పని లేదు. నా గొడవ ఇదే.

రేటే రుచి అనేవాళ్ళకి కొన్ని సంగతులు చెప్పాలి. ఆన్‌సైట్ వెళ్ళొచ్చినవాళ్ళకి ట్రేడర్ జోస్‌లో అమ్మే చార్లెస్ షా గుర్తుండే ఉంటుంది. 2002లో కాలిఫోర్నియాలో 1.99 డాలర్లకి మొదలైంది కాబట్టి "టూ బక్ చక్" అని పిలిచేవారు. 2007 కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో రాష్ట్రం మొత్తానికీ ఉత్తమ షార్డొనే అని మెడల్ కొట్టింది అదే.

"చూశారా, చవకదే గొప్ప" అని నేను ఎగరట్లేదు. అదే పోటీ జడ్జీలకి రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన ఓ పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోంచి పోసిన మూడు గ్లాసులు, చెప్పకుండా మిగతావాటి మధ్యలో కలిపేశాడు. మూడింటికీ దాదాపు ఒకే మార్కులు వేసింది పదిమందిలో ఒక్కరు! ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఇన్‌పుట్ ఒకటే అయినా రన్ చేసిన ప్రతిసారీ వేరే అవుట్‌పుట్ ఇచ్చే టెస్టుని మనమేమంటాం? ఫ్లేకీ అంటాం. దాన్ని నమ్మి రిలీజ్ చేస్తామా?

ఆ 2008లోనే ఇంకో ప్రయోగం. 20 మందికి ఒకే వైన్‌ని ఒకసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని చెప్పి ఇచ్చి, మెదడుని స్కాన్ చేశారు. 45 అన్నప్పుడు ఎక్కువ నచ్చిందన్నారు, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం కూడా ఎక్కువ చురుగ్గా కనిపించింది. అంటే మా సీనియర్ అబద్ధం చెప్పట్లేదు. ఆయనకి నిజంగానే బాగుంది. కాకపోతే బాగున్నది బిల్లు!

సరే, మాటలెందుకని నలుగురం ఊరివాళ్ళం మా రూములో కూర్చున్నాం. ఎనిమిదొందల లోపువి మూడు సీసాలు, రెండున్నర వేలది ఒకటి. అన్నిటికీ న్యూస్‌పేపర్ చుట్టి నంబర్లు వేశాం. గ్లాసుకి రెండు గుక్కలే. ఒకదాన్ని దొంగచాటుగా రెండుసార్లు పోశాం. ఖరీదైనదానికి ఇద్దరు మూడో స్థానం ఇచ్చారు. నేను ఒకే వైన్‌కి ఒకసారి 4, ఇంకోసారి 7 వేశాను. సిగ్గేసింది, కానీ నేర్చుకున్నది అక్కడే. నలుగురి లెక్కతో సిద్ధాంతం చెయ్యను గానీ, నా నాలుక ఎంత నమ్మకస్తురాలో నాకు తెలిసింది. మా సీనియర్‌కి తన నాలుక సంగతి ఇంకా తెలీదు.

మొదలుపెట్టేవాళ్ళకి కావలసిన మాటలు నాలుగే. తీపి, పులుపు, వగరు, మంట. వగరు ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్ వల్ల. డికాషన్‌లో, వక్కలో నోరు పట్టేసేది కూడా ఆ జాతిదే. మంట ఆల్కహాల్‌ది. తీపి ఎక్కువైతే పులుపు దాక్కుంటుంది. బెంగళూరు బ్లూ ద్రాక్షతో చేసే తియ్యటి పోర్ట్ మొదటి గుక్కకే నచ్చేది అందుకే, మూడో గుక్కకి మొహం మొత్తేదీ అందుకే. ఏటా ఉగాదికి మామిడి పిందెలో వగరు వెతికే జాతికి ఈ మాత్రం టేస్టింగ్ నేర్పడానికి ఫ్రాన్సు నుంచి ఎవరో రావాలా?

ఖరీదైనవన్నీ మోసం అని కూడా అనను. 6,000కి పైగా బ్లైండ్ టేస్టింగులు లెక్కేసిన మరో పరిశోధనలో, శిక్షణ లేనివాళ్ళకి ఖరీదైనవి కాస్త తక్కువే నచ్చాయి గానీ, శిక్షణ ఉన్నవాళ్ళ విషయంలో అలా కాలేదు. కాబట్టి నేర్చుకుంటే తేడా తెలుస్తుంది. నేర్చుకోవడం మాత్రం బిల్లుతో రాదు, పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే వస్తుంది. పైగా మన దేశంలో ఒకే సీసా రేటు రాష్ట్రానికొకటి. సరిహద్దు దాటగానే రుచి మారిందా, పన్ను మారిందా?

"రెడ్ వైన్ గుండెకి మంచిదట" అనేవాళ్ళకి ఒక మాట. ఏ కొద్దిపాటి మందూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. తాగనివాళ్ళు మొదలెట్టక్కర్లేదు, వాళ్ళు కోల్పోయేదేమీ లేదు. తాగేవాళ్ళు మాత్రం మందు పేరో గొప్ప పేరో చెప్పకుండా, రుచి కోసం రెండు గుక్కలు తాగండి. అసలు ప్రొఫెషనల్ టేస్టర్లు నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు. ఈ సంగతి మా ఊరి వైన్స్ ముందు చెబితే నన్ను తరిమి కొడతారనుకోండి, అది వేరే విషయం.

వచ్చే టీం డిన్నర్లో నేను మళ్ళీ "నేరేడు పండు" అనే అంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కాకపోతే నవ్వేముందు, మీ గ్లాసులో ఉన్నదాని రేటు చూడకుండా ఒక్క ముక్క చెప్పండి చూద్దాం.