గ్యాస్ నొప్పా, గుండెపోటా? ఇ.సి.జి. ఏమి చెబుతుంది?



నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మేము తరచుగా వినే మాట ఒకటి ఉంది: "గ్యాస్ పట్టింది, సోడా తాగి పండుకుంటే తగ్గుతది." నిజంగా గ్యాసే అయితే మంచిదే. కాని కొందరిలో గుండెపోటు కూడా పొట్ట పైభాగాన మంటగా, వాంతిగా, చెమటగా మొదలవుతుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు పడినవారు, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పిని కూడా ఆ లెక్కలోనే వేసుకునే ప్రమాదం ఉంది. పైకి చూసి ఈ తేడా చెప్పలేము. అందుకు చేయవలసిన మొదటి పరీక్ష ఇ.సి.జి. కొద్ది నిమిషాల పని, సూదిపోటు కూడా లేదు.

గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే సన్నని విద్యుత్తును ఈ యంత్రం కాగితంపై గీతలుగా గీస్తుంది. దీనిని కనుగొన్న హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది. కాళ్లకు, చేతులకు నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది తీగలు పెడతారు. వాటితో గుండెను 12 వైపుల నుండి చూడవచ్చు. ఒక్కొక్క చూపును లీడ్ అంటారు.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం గడ్డతో పూర్తిగా మూసుకుపోతే, ఆ వైపు చూసే లీడ్లలో ఎస్.టి. అనే భాగం మామూలు మట్టం కంటే పైకి లేస్తుంది. 1920లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ పార్డీ దీనిని వివరించారు. ఏ మడి ఎండిందో చూసి ఏ కాలువ పూడిందో రైతు చెప్పినట్లే, ఏ లీడ్లు మారాయో చూసి డాక్టరు దెబ్బ తగిలిన చోటు చెబుతారు.

1. వి-1 నుండి వి-4 వరకు లేస్తే గుండె ముందు గోడ. ఎడమ వైపు ముందుకు దిగే పెద్ద నాళం పూడిందన్నమాట.

2. ఒకటి, ఎ.వి.ఎల్., వి-5, వి-6 లేస్తే ఎడమ పక్క గోడ.

3. రెండు, మూడు, ఎ.వి.ఎఫ్. లేస్తే అడుగు గోడ. ఎక్కువమందిలో కుడి నాళం పూడి ఉంటుంది. కడుపునొప్పిగా, వాంతిగా మోసగించేది తరచుగా ఇదే.

4. వి-1 నుండి వి-3 వరకు గీత కిందికి దిగితే వెనుక గోడ కావచ్చు. వీపు మీద తీగలు పెట్టి చూస్తారు.

అడుగు గోడకు దెబ్బ తగిలినప్పుడు కొందరిలో గుండె కుడి గది కూడా దెబ్బతింటుంది. అప్పుడు నాలుక కింద మాత్ర పెడితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కనుక పొరుగింటివారి గుండె మాత్ర తెచ్చి వేయకండి.

మరొక హెచ్చరిక. మొదటి ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండెపోటు కాదని తేలినట్లు కాదు. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయించాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయించాలి.

దేవరకొండ నుండైనా, అచ్చంపేట నుండైనా హైదరాబాదు 100 కిలోమీటర్ల పైమాటే. నాళం పూడినకొద్దీ కండరం చస్తూ ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వవచ్చు గాని, మొదటి రెండు మూడు గంటల్లో చేసే మేలు తరువాత చేయదు. అందుచేత తెల్లవారనిద్దామని ఆగకండి. 2005 నుండి మనకు 108 ఉంది, పిలవండి. ఇ.సి.జి. తీసే దగ్గరి దవాఖానకు ముందు వెళ్లండి. ఆ కాగితాన్ని పెద్ద దవాఖానకు వెంట తీసుకుపోండి.

సోడా తరువాతనైనా తాగవచ్చు.