డిస్కు చెడింది, కాయితాలు ఇంకా లోపలనే ఉన్నయ్

ఇంటి కాయితాలు స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచుకున్న మన బంధువుల్లో చాలామంది నోట ఒకటే మాట వింటున్నాం: "డిస్కు పోయింది, ఇగ అంతే." ఈ మాట మేము ఒప్పుకోం. రెండు మూడు డిస్కులు కలిపి ఒకే పెద్ద జాగాలాగ వాడుకునే ఎల్‌వీఎం పద్ధతిలో అయితే అసలే ఒప్పుకోం. అందులో చాలాసార్లు ఫైళ్లు ఉన్నచోటనే ఉంటయ్, ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా మాత్రం దెబ్బతింటది. తర్వాత బాగుచేస్తమని చేతులు పెట్టినోళ్ల వల్లనే అసలు నష్టం జరుగుతది.

ఎల్‌వీఎం అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్. లినక్స్ కంప్యూటర్ల కోసం దీన్ని 1998లో హైన్జ్ మౌయెల్స్‌హాగెన్ అనే జర్మన్ రాశాడు. ఇది మన రైతులకు కొత్త సంగతేం కాదు. రేగుంటలో ఒకాయనకు చెరువు కింద ఎకరం, వాగు ఒడ్డున అరెకరం, అడవి అంచున రెండెకరాలు ఉన్నా ఖాతా ఒకటే ఉంటది. ఎల్‌వీఎం చేసేదీ అదే. ఒక్కొక్క డిస్కు ఒక ఫిజికల్ వాల్యూమ్, అన్నీ కలిస్తే వాల్యూమ్ గ్రూప్. ఆ మొత్తాన్ని మామూలుగా 4 ఎంబీ చొప్పున ముక్కలు చేసి, కావలసినన్ని ముక్కలు జోడించి ఒక లాజికల్ వాల్యూమ్‌గా చూపిస్తది. మనకు కనబడేది ఒకటే జాగా. ఏ ముక్క ఏ డిస్కులో ఉందో రాసిన చిట్టా ప్రతి డిస్కు మొదట్లో, సాధారణంగా మొదటి 1 ఎంబీ లోపలనే ఉంటుంది. అది మనిషి చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటుంది. ఒక డిస్కు మొదలు చెడినా తోటి డిస్కులో అదే చిట్టా ఇంకో ప్రతి ఉంటది. ఇవిగాక కంప్యూటర్ తనంతట తాను ఈటీసీ ఫోల్డర్ కింద, ఎల్‌వీఎం అనే ఫోల్డర్‌లో కొత్త చిట్టా, పాత చిట్టాలు రెండూ దాస్తది.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగి సిరొంచ తాలూకా పొలాలు మునిగిన సంగతి మన అందరికీ ఎరికే. వరదకు గట్టు కొట్టుకపోయి పొలంల ఇసుక మేట పడితే భూమి ఎటుబోదు. పాత నక్ష తీసి, మోజణి చేయించి, మళ్ల గట్టు వేసుకుంటం. నక్ష చూడకుండ ముందే ట్రాక్టర్ పెట్టి చదును చేయిస్తే మాత్రం పక్కోడితో తగాదా మూడు తరాలు నడుస్తది. చెడిన డిస్కును ఫార్మాట్ చేయడం ఆ ట్రాక్టర్ పనే.

మా ఇంట్ల రెండు డిస్కులు ఇట్లనే కలిపి ఉండె. పిడుగు పడ్డ రాత్రి తర్వాత జాగా తెరుచుకోలేదు. పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే, "ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కిస్తం, పాతది రాదు" అన్నారు. తిరిగి ఇంటికి తెచ్చినం. అందులో ఏముందో దుకాణపాయనకు తెల్వదు. సిరొంచ సీమ 1860లో నిజాం చేతి నుంచి ఆంగ్లేయులకు పోయింది, ఆ తర్వాత చాందా జిల్లాలో కలిసింది, 1982 ఆగస్టు 26 నుంచి గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఇన్ని కచేరీలు మారిన ఊరివాళ్ల కాయితాలు ఎట్లుంటయ్? ఉర్దూలో కొన్ని, మోడీ లిపిలో కొన్ని, ఇంగ్లీషులో, మరాఠీలో కొన్ని. తెలుగులో ఉన్నవి తాతలు చేత్తో రాసుకున్న లెక్కలే. వాటి అసలు ప్రతులు సగం చెదలు తిన్నయ్. మేడిగడ్డ బరాజ్ కింద పోయిన భూములకు పరిహారం కోసం మన తాలూకా రైతులు ధర్నాలు చేసినప్పుడు, పాత కాయితం ఒక్కటి చేతిలో ఉండడం ఎంత బలమో చూశాం. ఇక పెద్దవాళ్ల గొంతులు: పిల్లలందరూ మరాఠీ బడుల్లో చదివిన ఇంట్లో, ముసలవ్వ తెలుగులో చెప్పిన చుట్టరికాల వరస రికార్డింగ్ పోతే మళ్లీ చెప్పేవాళ్లు లేరు.

ఇట్లాంటప్పుడు మొదటి పని ఏ పనీ చేయకపోవడం. ఫైల్ సిస్టమ్‌ను సరిదిద్దే ఎఫ్ఎస్‌సీకే లాంటి ఆదేశం అసలు డిస్కు మీద నడపగూడదు. ఒక డిస్కు కనబడనప్పుడు దాన్ని నడిపితే, లేని భాగాన్ని పాడైన భాగం అనుకొని మంచి లింకులు కూడా తెంపేస్తది. "కనబడని డిస్కును గ్రూపు నుంచి తీసెయ్" అనే ఆదేశం ఇంకా ప్రమాదం, దాన్ని బలవంతంగా నడిపితే ఆ డిస్కు మీద ముక్కలున్న లాజికల్ వాల్యూములనే తీసేస్తది.

రెండో పని, ఒక్కొక్క డిస్కుకు పూర్తి నకలు తీయడం. దీనికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. బాగా చదవగలిగే భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లను చివరికి ఉంచుతది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటది గనుక కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. మన దిక్కు కరెంటుకు ఇది తగిన గుణమే. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇంట్లో నకలు కూడా తీయొద్దు, డిస్కు విప్పి చేసే ల్యాబుకే పంపాలి. నకలు తీశాక అసలు డిస్కులు, నకళ్లు ఒకే కంప్యూటర్‌కు కలిపి తగిలించకూడదు. రెండింటికీ గుర్తింపు సంఖ్య ఒకటే ఉంటది, ఎల్‌వీఎం తికమక పడతది.

ఆ తర్వాతనే చిట్టా పని. పాత చిట్టా దొరికితే, చెడిన డిస్కు నకలుకు అదే పాత గుర్తింపు సంఖ్య మళ్లీ రాసి, వీజీసీఎఫ్‌జీరిస్టోర్ అనే ఆదేశంతో చిట్టా తిరిగి ఎక్కించవచ్చు. ఒక డిస్కు పూర్తిగా పోయినా, ఉన్నంతవరకు తెరిచే పాక్షిక పద్ధతి ఉంది. ఎట్లా తెరిచినా చదవడానికి మాత్రమే తెరవాలి. ఏదీ కుదరకపోతే ఫోటోరెక్ లాంటివి ఫైలు ఆకారం చూసి ఏరుకొస్తయ్. పేర్లు, ఫోల్డర్లు మాత్రం రావు. వేల స్కాన్లకు మళ్లీ పేర్లు పెట్టుకోవడం ఒక ఎండాకాలం పని.

మాకు చాలావరకు వచ్చినయ్. కొన్ని స్కాన్లు సగం బూడిద రంగులో ఉన్నయ్, రెండు రికార్డింగులు రాలేదు. అన్నీ అందరికీ వస్తయని మేము చెప్పడం లేదు. ఎన్‌క్రిప్షన్ పెట్టిన డిస్కులో తాళం వివరాలున్న భాగం చెడి, దాని నకలు లేకపోతే ఇక ఆశ లేదు. ఎస్ఎస్‌డీలో చెరిపేసిన జాగాను డిస్కే తుడిచేసుకుంటే కూడా అంతే.

ఐటీ పని చేసే మన పిల్లలు ఎల్‌వీఎం తప్పేం లేదంటున్నారు. నిజమే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు, సుమారు 300 జీబీ. వాళ్లు నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులు ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అయితే అది రాత్రింబవళ్లు మనుషులు కాపలా ఉండే చోటు. ఇంటి కాయితాలకు మాత్రం డిస్కులు కలపొద్దు అనేదే మా మాట. ఏడాదిలో ఒక డిస్కు చెడే అవకాశం నూటికి 5 అనుకుందాం. రెండు కలిపితే ఏ ఒక్కటి చెడినా జాగా కుంటుపడతది గనుక అది ఇంచుమించు 10 అవుతది. జాగా పెద్దదైందన్న సంబరంలో ఈ లెక్క ఎవరూ వేయరు. ఉబుంటు సర్వర్ ఎక్కించేటప్పుడు ఎల్‌వీఎం గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది, చాలామంది చూడకుండానే ముందుకు పోతరు. రెండు డిస్కులుంటే రెండింటిలో ఒకే సామాను పెట్టండి. జాగా సగమైతది, కానీయండి.

ఇప్పటికే కలిపి వాడుతున్నోళ్లు ఈ వారమే ఒక పని చేయాలి. ఈటీసీ కింద ఉన్న ఆ చిట్టాను కాయితం మీద అచ్చు తీసి, డిస్కుల సీరియల్ నంబర్లు పక్కన రాసి, ఉతారాలు పెట్టే సంచిలో పెట్టండి. మా అచ్చు కాయితం అక్కడనే ఉంది. తిరిగొచ్చిన స్కాన్ల నకలు ఒకటి రేగుంటలో, ఒకటి హైదరాబాద్‌లో ఉన్నయ్. మూడోది వచ్చే సంక్రాంతికి వచ్చినోళ్లలో నాగపూర్ పోయేవాళ్లు ఎవరైనా తీసుకపోవాలె.