నర్సమ్మ కాపురమున్న ఊరు

నేను డాక్టర్ని కాదు, ఫ్రిజ్ మెకానిక్కుని. 2012 చివర్లో ఘనా దేశానికి ఉత్తరపు కొసన ఉన్న నవ్రాంగో పల్లెల్లో టీకాలు దాచే సోలార్ ఫ్రిజ్‌లు బిగించే పనికి వెళ్లి, పద్నాలుగు నెలలు ఉన్నాను. అక్కడి వైద్యం గురించి నాకు తెలిసింది ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబడి చూసినంతే. అయినా చెప్పాలనిపిస్తోంది. మన దగ్గర పల్లె వైద్యం మాటెత్తితే ఎన్ని భవనాలకు శంకుస్థాపన చేశారన్న లెక్కే వినపడుతోంది మరి.

రాజధాని అక్రా నుంచి అక్కడికి బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ. ఏడాదికి ఒకటే వానకాలం, ఒకటే పంట. సజ్జ, జొన్న చేతికొచ్చే ముందు గాదెలు ఖాళీ అవుతాయి. దోమలు ముసిరేదీ ఆ వానల్లోనే. అంటే పిల్లల కడుపులో కూడు తగ్గిన నెలల్లోనే మలేరియా కూడా. నవంబరు దాటితే సహారా మీంచి హర్మట్టన్ గాలి దుమ్ము మోసుకొస్తుంది. ఆ పొడి నెలల్లో మెనింజైటిస్ భయం. నేను వెళ్లేసరికి ఆ జబ్బుకు పెద్ద ఎత్తున టీకాలేశారు. ఆ టీకా తయారైంది మన పుణెలో అని తెలిసి, నేనేదో చేసినట్టు గర్వపడ్డాను.

తిండికి ఇబ్బంది పడలేదు. తువో జాఫీ అంటారు, మన సంగటి లాంటిదే. ఊళ్లో పదిమందీ కూడే సభను దర్బార్ అంటారు, ఆ మాట అక్కడిదాకా ఎలా వెళ్లిందో! మనం గోడను కాంపౌండంటాం. వాళ్లకు కాంపౌండంటే ఇల్లు: నడుమ వాకిలి, చుట్టూ మట్టి గదులు, అన్నదమ్ముల కుటుంబాలన్నీ అందులోనే. బిడ్డకు ఒళ్లు కాలిపోతున్నా తల్లి తనంతట తాను ఆసుపత్రికి బయల్దేరడానికి లేదు, చాలా ఇళ్లలో పెద్దాయన సరేననాలి.

ఊళ్లోనే కాపురముండి వైద్యం చూసే నర్సమ్మ ఇంటినీ కాంపౌండే అంటారు. ఒక గదిలో మందులు, వెనక గదిలో ఆమె మంచం, పొయ్యి. నేను ఫ్రిజ్ పెట్టిన మొదటి ఊళ్లో నర్సమ్మకు పాతికేళ్లుంటాయి. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో సోలార్ ప్యానెల్ తుడిచేది. ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రెండుపూటలా రాసేది. తర్వాత మోటారుసైకిలెక్కి ఇళ్లకు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది. ముసలాయనలతో కబుర్లు చెప్పి, వాళ్ల నోటే 'తీసుకెళ్లండి' అనిపించేది. జిల్లా ఆసుపత్రి డాక్టరుకు అది చేతనవుతుందా?

నర్సును ఊళ్లోనే ఉంచే ఈ పద్ధతి పుట్టింది ఆ నేల మీదే. నవ్రాంగో ఆరోగ్య పరిశోధన కేంద్రం 1994లో మూడు ఊళ్లతో మొదలుపెట్టి, తర్వాత జిల్లాకంతటికీ విస్తరించింది. కొన్నిచోట్ల ఊరి వలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నిచోట్ల నర్సును తెచ్చి ఊళ్లోనే కాపురముంచారు. ఊరివాళ్లే మట్టి మోసి ఆమెకు గది కట్టారు. నర్సు కాపురమున్నచోట మూడేళ్లలో పిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఉత్త వలంటీర్లతో తగ్గలేదు. అదనపు ఖర్చు మనిషికి ఏడాదికి 1.92 డాలర్లు. 1999లో దేశమంతటికీ ఇదే విధానమన్నారు. ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిపి దాన్ని 'చిప్స్' అంటారు, మొదట్లో నాకు ఆలుగడ్డలే గుర్తొచ్చేవి.

దేశమంతటికీ అనేసరికి మట్టిగది పనికిరాదన్నారు. సిమెంటు భవనం కావాలి, దానికి నిధులు రావాలి. నిధుల కోసం చూస్తూ చాలా జిల్లాలు ఏళ్లు గడిపేశాయి.

నేను కళ్లారా చూసింది ఇంకొకటుంది. ఒక ఊళ్లో భవనం బ్రహ్మాండంగా ఉంది. నర్సు బదిలీ అయింది, ఆరు వారాలు ఎవరూ రాలేదు. హర్మట్టన్ రోజులు. నేను వెళ్లేసరికి ప్యానెల్ మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. టీకా సీసాల మీద లేత రంగు చతురస్రం ఉంటుంది, వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది. అన్నీ నల్లబడ్డాయి. నా మెషీన్‌లో లోపమేమీ లేదు. తుడిచే గుడ్డ అక్కడే, మేకుకు వేలాడుతోంది. సీసాలన్నీ పారబోయించాను.

మలేరియా టీకాలు వచ్చాయిప్పుడు. పుణెలో తయారయ్యే ఆర్21ను 2023లో అందరికంటే ముందు అనుమతించింది ఘనాయే. ఇంకో టీకా, ఆర్‌టీఎస్,ఎస్ తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ అందిపుచ్చుకుంటోంది. మంచిదే. కానీ బిడ్డకు నాలుగు డోసులు పడాలి. మూడు వేశాక నాలుగోదానికి నెలలు గడవాలి. ఫలానా ఇంట్లో ఫలానా పిల్లాడికి ఇంకొకటి బాకీ ఉందని గుర్తుపెట్టుకునేది ఊళ్లో ఉన్న మనిషే.

ఇక మన దగ్గరికొస్తే, మా చిన్నక్క ఏఎన్ఎం. ఆమె సబ్‌సెంటర్‌కు రెండేళ్ల కిందట రంగులేశారు, ముందు టైల్స్ పరిచారు. వెనక క్వార్టర్‌కు నీళ్ల కనెక్షన్ మాత్రం లేదు. అందుకే టౌన్‌లో అద్దెకుంటూ తిరుగుతోంది. ఈసారి టెండరు పిలిచేటప్పుడు ముందు ఆ వెనక గదికి కుళాయి, ఫ్యాను, లోపలి గడియ రాయమనండి. ముందుగది సంగతి తర్వాత. మా అక్క తిరుగుబస్సు సాయంత్రం నాలుగున్నరకు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా తాళమే కనపడుతుంది.