సహజ కవచధారి

కర్ణుడికి కవచం పుట్టుకతోనే వచ్చిందంటారు. ఒంటి చర్మంలోనే కవచం మొలిచే రాక్షసిబల్లి ఒకప్పుడు మన గోదావరి సీమలోనే తిరిగింది.

కొండగట్టు అంజన్నను చూసి ధర్మపురి వెళితే గోదావరి ఎదురవుతుంది. ఆ నది వెంట దిగువకు పోతే కాళేశ్వరం; ఆవలి గట్టున మహారాష్ట్రలో సిరోంచ, ఆ దగ్గరే కోట గ్రామం. ఆ ఊరి పేర పిలిచే శిలల్లో ఇలాంటి జంతువు అవశేషాలు దొరికిన సంగతి 2002లో వెల్లడైంది. వాటి వయస్సు సుమారు 18 కోట్ల ఏళ్ళు!

ఆకులలములు మేసే ఈ జాతికి వీపే డాలు. మొసలికిలాగే ఎముక బిళ్ళలు చర్మంలో పెరుగుతాయి. వాటిపైన కొమ్ములాంటి పొర. పొట్ట మెత్తన కనుక నేలకు కరచుకుంటే శత్రువు కోరకు పట్టు చిక్కడం కష్టం. తరువాతి కాలపు అంకైలోసారస్‌కు తోక చివర ఎముక గద కూడా ఉండేది.

అయితే ఈ బిళ్ళలు వెన్నెముకకు అతికి ఉండవు. చర్మం కుళ్ళగానే చెదిరిపోతాయి. ఆ శిలల్లోనే దొరికిన కోటసారస్ హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నిలువెత్తున నిలిచింది. ఈ కవచధారికి మాత్రం చెదిరిన బిళ్ళలే గుర్తు. కనుక అటువైపు రాతిలో ఎముక వంటిది కనిపిస్తే పెకలించకండి. భూగర్భశాఖ వారికి చెప్పండి. ఒక్క బిళ్ళ పోయినా ఒక సాక్ష్యం పోయినట్టే.