అంచనా అంటే మాట ఇవ్వడం కాదండీ

సాఫ్ట్‌వేర్ వాళ్ళు పనికి అంచనా ఎలా వేసుకుంటే ఇంట్లో ఉండే మనకెందుకు అనేవాళ్ళకి ముందే జవాబు చెప్పేస్తాను. ఆ అంచనా తప్పినప్పుడు నష్టం భరించేది మన ఇళ్ళే. శుక్రవారం రాత్రి చల్లారిపోయే కూర, ఆఖరి నిమిషంలో రద్దయ్యే పెళ్ళి ప్రయాణం, జ్వరంతో పడుకున్న పిల్లాడి పక్కన తెరిచిన లాప్‌టాప్... ఇవన్నీ ఎవరో మీటింగులో తేలిగ్గా అనేసిన ఒక అంకె ఫలితాలే. కాబట్టి మాట్లాడతాను.

మా అమ్మాయి వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని చేస్తుంది. నాకీ భాష సగం చెవిన పడి వచ్చింది, మిగతాది దాన్ని అడిగి, కొంత చదివి తెలుసుకున్నాను. రెండు వారాల పనిని స్ప్రింట్ అంటారు. ఒక్కో పనికీ గంటలు కాకుండా పాయింట్లు వేస్తారు: 1, 2, 3, 5, 8, 13. నిజానికి ఇది తెలివైన పద్ధతే. గుత్తివంకాయ కూరకి ఎన్ని నిమిషాలు అంటే తడుముకుంటాం. వంకాయ వేపుడుకి రెండింతల పని అని మాత్రం టక్కున చెప్తాం. పోల్చి చెప్పడం మనిషికి సులువు. పైకి వెళ్ళేకొద్దీ అంకెల మధ్య దూరం పెరగడానికీ కారణముంది. పని పెద్దదయ్యేకొద్దీ అందులో తెలియనిదీ పెరుగుతుంది, అందుకని 13కీ 14కీ తేడా తెలిసినట్టు నటించొద్దని.

ఈ పాయింట్లు వేయడానికి ప్లానింగ్ పోకర్ అని ఒక ఆట ఉంది. 2002లో జేమ్స్ గ్రెనింగ్ అనే ఆయన రాస్తే, 2005లో మైక్ కోన్ పుస్తకంతో బాగా వ్యాపించింది. అందరూ తమ అంకె ఉన్న ముక్కని బోర్లా పెట్టుకుని ఒకేసారి తిప్పాలి. ఒకరి మాట ఇంకొకరి మీద పడకూడదనే ఈ ఏర్పాటంతా. తర్వాత అందరికంటే ఎక్కువ చెప్పినవాళ్ళూ, అందరికంటే తక్కువ చెప్పినవాళ్ళూ ఎందుకలా అన్నారో వివరించాలి. ఆటకి ప్రాణం అదే.

మరి జరిగేదేమిటి? ముక్కలు తిప్పకముందే సీనియర్ గారు "ఇందులో ఏముంది, మూడు చాలు కదా" అనేస్తారు. మనసులో 8 అనుకున్న పిల్ల నోరు మూసుకుంటుంది. పాత డేటా మార్చాలని, పరీక్షించాలని, ఇంకో టీం జవాబు కోసం ఎదురుచూడాలని ఆ పిల్లకి తెలుసు. కానీ ఎవరూ అడగరు. "నలుగురికి వంటేగా, గంటలో అయిపోదూ" అనే మగవాళ్ళు మనకి తెలియనివాళ్ళా? కూరలు తరగడం, గిన్నెలు తోమడం, పొయ్యి తుడవడం వాళ్ళ లెక్కలోకి ఎప్పుడూ రావు. అక్కడ టెస్టింగుకీ రివ్యూకీ అదే గతి.

ఇంతకంటే పెద్ద అన్యాయం తర్వాత జరుగుతుంది. అంచనాగా చెప్పిన అంకె సాయంత్రానికల్లా వాగ్దానమై కూర్చుంటుంది. 2011లో స్క్రమ్ గైడ్‌ని సవరించినప్పుడు, స్ప్రింట్ పని విషయంలో 'కమిట్‌మెంట్' అన్న మాట తీసి 'ఫోర్‌కాస్ట్' అని పెట్టారు. వాన పడొచ్చు అని చెప్పడం లాంటిదన్నమాట. ఆ మార్పు చాలా ఆఫీసులకి ఇంకా చేరనే లేదు. అసలు స్టోరీ పాయింట్లు కనిపెట్టినవాళ్ళలో ఒకరిగా చెప్పుకునే రాన్ జెఫ్రీసే, జనం వాటిని వాడుతున్న తీరు చూసి తర్వాత బహిరంగంగా బాధపడ్డాడు.

మనిషి అంచనా ఎప్పుడూ ఆశవైపే మొగ్గుతుంది. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థుల అంచనా సగటున దాదాపు 34 రోజులు, నిజంగా పట్టింది 55 పైన. ఆ విద్యార్థులు బద్ధకస్తులేం కాదు, మనలాంటి మామూలు మనుషులే. మరి పని ఏమిటో తేలకముందే తేదీ ప్రకటించే పెద్దల్ని ఏమనాలి? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆలస్యమైతే ఇంకో నలుగుర్ని దింపుతారు. అలా దింపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. కొత్తవాళ్ళకి నేర్పించేది మళ్ళీ ఆ అలసిపోయినవాళ్ళేగా.

ఇక ప్రాధాన్యాలు. మాస్కో అని ఒక పద్ధతి ఉంది. రష్యా ఊరికీ దీనికీ సంబంధం లేదు లెండి. 1994లో డై క్లెగ్ అనే ఆయన పెట్టాడు. పనుల్ని నాలుగు గంపల్లో వేయాలి: తప్పనిసరి, ఉండాల్సింది, ఉంటే బాగుండేది, ఈసారికి లేదు. తప్పనిసరి గంప మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదంటారు. మనం పండగ రోజు చేసేదీ ఇదే. పులిహోర, పరమాన్నం తప్పవు. బూరెలు ఉండాలి. గారెలు పప్పు రుబ్బడం కుదిరితే. కరెంటు పోయి మిక్సీ ఆగితే గారెలు మానేస్తాం, నైవేద్యం ఆపం. ఆఫీసుల్లో మాత్రం అన్నీ తప్పనిసరి గంపలోనే పడతాయి. నాలుగో గంప ఖాళీ. "ఈసారికి లేదు" అని పైవాళ్ళకి చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. ఆ రాని నోటికి బదులు మన ఆదివారాలు పోతాయి.

తేదీలు లేకపోతే వ్యాపారం ఎలా సాగుతుందమ్మా అంటారు. తేదీలు ఉండొచ్చు. పన్ను రిటర్నుల గడువు లాంటివి ఎవరి కోసమూ ఆగవు. అప్పుడు తేదీ అలాగే ఉంచి పని తగ్గించండి. తేదీ కదలకూడదు, పని తగ్గకూడదు, మనుషులు మాత్రం సాగాలి అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకే అంకె అడగడం మాని "నాలుగు నుంచి ఏడు రోజులు" అంటే ఒప్పుకోండి. గత మూడు నాలుగు స్ప్రింట్లలో నిజంగా ఎంత పూర్తయిందో చూసి అంతే తలకెత్తుకోండి.

ఇది చదివే అమ్మాయిల్లో ఆ మీటింగుల్లో కూర్చునేవాళ్ళు చాలామంది ఉంటారు. మీ ముక్క మీద 8 ఉంటే 8 అనే చూపించండి. కొత్త పని నెత్తిన పెడితే "చేస్తాను, బదులుగా ఏది తీసేద్దాం?" అని అడగండి. కుదరదనడం కంటే అది గట్టి మాట, ఎందుకంటే ఎంచుకోవాల్సిన భారం అడిగినవాళ్ళ మీదే పడుతుంది.

మా అమ్మాయి టీంకి వచ్చే స్ప్రింట్‌కి 31 పాయింట్లు పెట్టారట. గత మూడుసార్లూ పూర్తయినవి 22, 19, 24. ఏది తీసేస్తారని అడిగావా అన్నాను. బుధవారం కాల్‌లో అడుగుతానంది.